ఆ కుర్చీ ఖాళీగా ఉండకూడదు

చేతిలో రాయి లేదు, కర్ర లేదు. నోట్లో నినాదం, భుజాన జెండా... అంతే. అయినా అర్ధరాత్రి ఇంటికొచ్చి పట్టుకెళ్ళారు. అలాంటి మనిషికి తోడు నిలవడమంటే ఏమిటి? దూరాన ఉన్నవాళ్ళు చేయగలిగింది ఏమైనా ఉందా? పాలస్తీనాలోని బిలీన్ అనే చిన్న ఊరి అనుభవం ఏం చెబుతోందో చూద్దాం.

2009 డిసెంబరు 10. తెల్లవారుజామున రెండు గంటల వేళ. రమల్లా పట్టణంలో ఓ ఇంటి ముందు మిలటరీ జీపులు వచ్చి ఆగాయి. సైనికులు లోపలికి వచ్చారు. భార్యాపిల్లలు చూస్తుండగానే ఇంటాయన్ని తీసుకెళ్ళిపోయారు. ఆయన పేరు అబ్దుల్లా అబూ రహ్మా. వృత్తి... బడిలో పిల్లలకు పాఠాలు చెప్పడం!

ఆ తేదీని ఇంకోసారి చూడండి. డిసెంబరు 10 అంటే ప్రపంచమంతా మానవ హక్కుల దినం జరుపుకునే రోజు. దానికి ఏడాది ముందు, 2008 డిసెంబరులో, ఇదే పంతులుగారు జర్మనీలోని బెర్లిన్ వెళ్ళి తన ఊరి కమిటీ తరఫున కార్ల్ ఫాన్ ఒసియెట్‌స్కీ పతకం అందుకుని వచ్చారు. హింస లేకుండా హక్కుల కోసం పోరాడినందుకు ఇచ్చిన గౌరవం అది. ఆ ఊరివాళ్ళతో కలిసి నడిచిన ఇజ్రాయెల్ యువతీయువకుల బృందానికి కూడా అదే వేదిక మీద అదే పతకం దక్కింది.

పతకం ఇచ్చిన ఏడాదికి సంకెళ్ళు! ఇంతకీ ఆయన చేసిన తప్పేమిటి?

ఓ ఊరు... ఓ కంచె

రమల్లాకు పడమరగా పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంది బిలీన్. జనాభా రెండు వేలు కూడా ఉండదు. ఆలివ్ చెట్లే వాళ్ళకు ఆస్తి, అన్నం. తాతలనాటి చెట్లు. కాయల కోత కాలం వస్తే పిల్లాజెల్లాతో ఇంటిల్లిపాదీ తోటలోనే ఉంటారు.

2002లో ఇజ్రాయెల్ ప్రభుత్వం వెస్ట్‌బ్యాంక్‌లో పెద్ద అడ్డుగోడ కట్టడం మొదలుపెట్టింది. ఆత్మాహుతి దాడుల్లో తమ పౌరులు చనిపోతున్నారు, వాటిని ఆపడానికే ఇది అన్నది ఆ ప్రభుత్వం చెప్పిన కారణం. ఆ దాడులూ నిజమే, ఆ తల్లుల దుఃఖమూ నిజమే. కానీ గోడ తన సరిహద్దు మీద కట్టుకుంటే ఇంత గొడవ ఉండేది కాదు. చాలా చోట్ల అది పాలస్తీనా ఊళ్ళ పొలాల్లోంచి పోయింది. 2004 జులై 9న అంతర్జాతీయ న్యాయస్థానం అలా కట్టడం చట్టవిరుద్ధమని అభిప్రాయం చెప్పింది.

బిలీన్ దగ్గర అది కంచె రూపంలో వచ్చింది. ఊరి భూమిలో దాదాపు సగం కంచెకు అవతల పడిపోయింది. అవతల మోదిఇన్ ఇల్లిత్ అనే సెటిల్‌మెంటు... అంటే ఆక్రమిత భూమిలో ఇజ్రాయెలీల కోసం కట్టిన కాలనీ... పెరుగుతూ వస్తోంది.

ఊరివాళ్ళు 2005లో ఓ నిర్ణయం తీసుకున్నారు. ప్రతి శుక్రవారం, మధ్యాహ్నం నమాజు అయ్యాక, అందరూ కలిసి కంచె దాకా నడవాలి. ఆయుధం పట్టకూడదు. ఇజ్రాయెల్ నుంచి, ఇతర దేశాల నుంచి వచ్చే స్నేహితుల్ని కలుపుకోవాలి. ఆ నడకను నడిపించిన కమిటీలో అబ్దుల్లా ముఖ్యుడు. ఒక వారం ఆలివ్ చెట్లకు తమను తాము గొలుసులతో కట్టేసుకున్నారు. ఇంకో వారం పంజరంలో కూర్చున్నారు. అబ్దుల్లా జైల్లో ఉన్న 2010 ఫిబ్రవరిలో అయితే ‘అవతార్’ సినిమాలోని నీలిరంగు మనుషుల్లా వేషాలు వేసుకుని వెళ్ళారు! బాష్పవాయువు గుండ్లు మాత్రం ఏ వేషానికీ మినహాయింపు ఇవ్వలేదు.

ఒక్కమాట ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఊరేగింపు చివర కొందరు కుర్రాళ్ళు రాళ్ళు రువ్విన శుక్రవారాలూ ఉన్నాయి. సైన్యం ఎప్పుడూ ఎత్తిచూపేది ఆ రాళ్ళనే. అయితే అబ్దుల్లా మీద పెట్టిన రాళ్ళు రువ్విన కేసును మిలటరీ కోర్టే కొట్టేసింది. దాని సంగతి తర్వాత చూద్దాం.

పదిమంది కూడితే నేరం

అబ్దుల్లాను ఏ చట్టం కింద పట్టుకున్నారో తెలిస్తే ఆశ్చర్యపోతారు. 1967 ఆగస్టులో, వెస్ట్‌బ్యాంక్‌ను ఆక్రమించిన రెండు నెలలకే, సైన్యం జారీ చేసిన ఆర్డరు నంబరు 101. దాని ప్రకారం రాజకీయ విషయం మీద పదిమంది గానీ, అంతకు మించి గానీ ఒకచోట చేరాలంటే సైనికాధికారి అనుమతి ఉండాలి. లేకపోతే పదేళ్ళ దాకా జైలు!

పదిమంది అంటే ఎంతమంది చెప్పండి? మనింట్లో పేరంటానికి పిలిచేవాళ్ళే అంతకు రెట్టింపు ఉంటారు.

ఇంకో విచిత్రం. కంచెకు అవతల సెటిల్‌మెంటులో ఉండే ఇజ్రాయెల్ పౌరుడి మీద కేసు వస్తే ఇజ్రాయెల్ మామూలు కోర్టులో విచారిస్తారు. ఇవతల ఊరివాడి మీద కేసు వస్తే మిలటరీ కోర్టు. జడ్జి ఒంటి మీదా యూనిఫారమే, ప్రాసిక్యూటరు ఒంటి మీదా యూనిఫారమే. విచారణ హీబ్రూలో సాగుతుంది. అరబిక్‌లోకి తర్జుమా చేసి చెప్పేది ఓ సైనికుడు. 2010 సంవత్సరానికి ఆ కోర్టులు తామే ఇచ్చిన నివేదిక ప్రకారం ముగిసిన కేసుల్లో 99.74 శాతం ఏదో ఒక నేరం రుజువైనట్టే తేలాయి. అంటే కోర్టు గుమ్మం ఎక్కితే శిక్ష ఖాయం అన్నట్టే.

అబ్దుల్లా మీద పెట్టిన అభియోగాల్లో ‘ఆయుధాలు కలిగి ఉండటం’ కూడా ఒకటి. ఏమిటా ఆయుధాలు అంటారా? సైనికులు ఊరి మీద పేల్చిన బాష్పవాయువు గుండ్ల ఖాళీ డబ్బాలు! ఊరి మీద ఎన్ని పడ్డాయో చూసేవాళ్ళకు తెలియాలని ఏరి, ప్రదర్శనకు పెట్టారు. అదే నేరమైంది.

అహ్మదాబాదు నుంచి వచ్చిన పెద్దావిడ

అరెస్టు ఉరుము లేని పిడుగేమీ కాదు. అంతకు మూడు నెలల ముందే, సెప్టెంబరులో, బిలీన్‌లోని ఇంటి మీద సైన్యం ఓ రాత్రి దాడి చేసింది. ఆ రాత్రి ఆయన దొరకలేదు. ఇవాళో రేపో మళ్ళీ వస్తారని ఇంట్లో అందరికీ తెలుసు. పిల్లలున్న ఇంట్లో ఆ మూడు నెలలు ఎలా గడిచి ఉంటాయో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. వీధిలో బండి చప్పుడైతే చాలు, గుండె దడ.

ఆ దాడికి కొద్ది ముందే ఊరికి కొందరు పెద్దలు వచ్చి వెళ్ళారు. నెల్సన్ మండేలా 2007లో ‘ది ఎల్డర్స్’ పేరుతో ఓ పెద్దల బృందాన్ని ఏర్పాటు చేశారు. ఆ బృందం 2009 ఆగస్టులో బిలీన్ వచ్చింది. దక్షిణాఫ్రికా ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు, అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్, ఐర్లండ్ మాజీ అధ్యక్షురాలు మేరీ రాబిన్సన్, నార్వే మాజీ ప్రధాని గ్రో బ్రంట్‌లాండ్... వీళ్ళ పక్కనే నూలు చీర కట్టుకున్న మనావిడ ఒకరు. ఇలా భట్! 1972లో అహ్మదాబాదులో ‘సేవ’ సంఘం పెట్టి, తట్టా బుట్టా నెత్తిన పెట్టుకుని బతికే ఆడవాళ్ళను ఒక్కతాటి మీదకు తెచ్చిన ఇలా బెన్. గాంధీగారి బాటలో పెరిగిన మనిషి. 2022 నవంబరులో కన్నుమూశారు.

ఆ రోజు టుటు మాట్లాడుతూ ఊరివాళ్ళకు గాంధీని గుర్తు చేశారు. సామాన్యులు ఆయుధం లేకుండా ఎలా గెలిచారో చెప్పి, మీరూ ఆ దారిలోనే ఉన్నారన్నారు. ఆ మాటలు విన్నవాళ్ళలో అబ్దుల్లా కూడా ఉన్నారు.

పెద్దలు వచ్చి వెళ్ళారు, అయినా అరెస్టు ఆగలేదు కదా... మరి ప్రయోజనమేముంది? ఈ ప్రశ్న మీకు వచ్చే ఉంటుంది. నిజమే, ఆగలేదు. కానీ డిసెంబరులో ఆయన్ని తీసుకెళ్ళేటప్పటికి ఆయన పేరు ఊరు దాటి పోయింది. ‘ఎవరో ఒక పాలస్తీనా ఖైదీ’ కాదు. ఫలానా మాస్టారు, ఫలానా ఊరు, మేం వెళ్ళి చూశాం, మాట్లాడాం... అని చెప్పగలవాళ్ళు నాలుగైదు ఖండాల్లో ఉన్నారు. అరెస్టయ్యే ప్రమాదంలో ఉన్న మనిషికి చేయాల్సిన మొదటి సాయం ఇదే. పట్టుకెళ్ళాక పేరు తెలుసుకోవడం కాదు, పట్టుకెళ్ళక ముందే తెలుసుకుని ఉండడం.

కోర్టులో కూర్చునే ఆడవాళ్ళు

కేసు నడిచింది రమల్లా దగ్గరి ఓఫర్ మిలటరీ కోర్టులో. కోర్టు అంటే పెద్ద భవనం ఊహించుకోకండి. రేకుల గదుల్లాంటి చిన్న చిన్న గదులు. ఖైదీ తరఫున ఇంటివాళ్ళను ఇద్దరినే లోపలికి రానిస్తారు. తల్లి వస్తే చెల్లెలు రాకూడదు, చెల్లెలు వస్తే అన్న రాకూడదు. గంటలకొద్దీ బయట నిరీక్షణ, లోపల నాలుగు నిమిషాలు.

అలాంటి గదుల్లో ఓ మూల కుర్చీలో కూర్చుని నోటుబుక్కులో రాసుకుంటూ కనిపిస్తారు కొందరు ఇజ్రాయెలీ ఆడవాళ్ళు. ‘మఖ్సోమ్ వాచ్’ అని వాళ్ళ సంఘం. 2001లో ముగ్గురు స్త్రీలు మొదలుపెట్టారు. అందరూ ఆడవాళ్ళే. ఉద్యోగాల నుంచి రిటైరైనవాళ్ళు, మనవలున్న అమ్మమ్మలు చాలామంది. సైనిక చెక్‌పోస్టుల దగ్గర నిలబడి చూస్తారు. మిలటరీ కోర్టుకెళ్ళి కూర్చుంటారు. ఎవర్ని తెచ్చారు, ఏం అడిగారు, ఎంతసేపు పట్టింది, పిల్లాడి వయసెంత... చూసింది చూసినట్టు రాసి బయటపెడతారు. వాళ్ళకు ఏ అధికారమూ లేదు. ఉన్నదల్లా కళ్ళు, కలం.

కళ్ళకు ఏం శక్తి ఉంటుంది అనిపించవచ్చు. కానీ అమ్మలకు ఈ రహస్యం తెలుసు. పక్కన ఎవరూ లేనప్పుడు నోరు పారేసుకునే మనిషి, నలుగురి ముందు తగ్గి మాట్లాడతాడు. మొత్తం మారిపోడు... కాస్త తగ్గుతాడు. ఆ కాస్త తేడా లోపల నిలబడ్డవాడికి చాలా పెద్దది.

అబ్దుల్లా విచారణకు ఐరోపా దేశాల దౌత్యాధికారులు కూడా వచ్చి కూర్చున్నారు. వాళ్ళేమీ దయతలచి రాలేదు. హక్కుల కోసం పనిచేసేవాళ్ళను రక్షించడానికి ఐరోపా యూనియన్ 2004లో రాసుకున్న మార్గదర్శకాల్లో, అలాంటివారి కేసుల విచారణకు వెళ్ళి గమనించాలని ఉంది. కాగితం మీద ఉన్నదాన్ని ఎవరో ఒకరు గుర్తు చేస్తే, మరొకరు ఫోను చేస్తే, ఇంకొకరు వెంటపడితే... అప్పుడు ఆ కుర్చీలో ఓ అధికారి వచ్చి కూర్చుంటాడు. తోడు నిలవడం అంటే చాలాసార్లు ఇలాంటి విసుగు పుట్టించే పనే.

ఆయన తరఫున వాదించింది కూడా ఓ మహిళే. గాబీ లాస్కీ. మెక్సికోలో పుట్టి ఇజ్రాయెల్‌లో స్థిరపడిన లాయరు. శత్రువుల తరఫున వాదిస్తున్నావని సొంతవాళ్ళే తిట్టినా ఇలాంటి కేసులు వదల్లేదు. తర్వాత 2021లో ఇజ్రాయెల్ పార్లమెంటు సభ్యురాలు కూడా అయ్యారు.

అయినా జైలు తప్పలేదు

2010 ఆగస్టు 24న తీర్పు వచ్చింది. రాళ్ళు రువ్విన కేసు, ఆయుధాల కేసు కొట్టేశారు. కానీ జనాన్ని రెచ్చగొట్టడం, అనుమతి లేని ఊరేగింపులు జరపడం... ఈ రెండింట్లో దోషి అన్నారు. రుజువేమిటంటే, రాత్రిపూట నిద్రలోంచి లేపి పట్టుకెళ్ళిన ఊరి మైనరు కుర్రాళ్ళు చెప్పిన మాటలు.

ఐరోపా యూనియన్ విదేశాంగ విధాన అధిపతి కేథరిన్ ఆష్టన్ వెంటనే ప్రకటన చేశారు. ఆయన్ని హింసకు దూరంగా ఉండే మానవ హక్కుల కార్యకర్తగా తాము గుర్తిస్తున్నామన్నారు. ఇజ్రాయెల్ ప్రభుత్వం ఇది మా కోర్టు విషయంలో జోక్యం అని మండిపడింది. అక్టోబరు 11న పన్నెండు నెలల శిక్ష వేశారు. టుటు గొంతు విప్పారు. మేం వెళ్ళి ఈ మనిషిని చూశాం, విడిచిపెట్టండి అన్నారు.

లెక్క ప్రకారం నవంబరులో ఆయన ఇంటికి రావాలి. పిల్లలు రోజులు లెక్కపెట్టుకుంటూ ఉన్నారు. అయితే శిక్ష చాలదని ప్రాసిక్యూషన్ అప్పీలుకెళ్ళింది. అప్పీలు తేలేదాకా లోపలే ఉంచారు. 2011 జనవరిలో పన్నెండు నెలలు పదహారు నెలలయ్యాయి. చివరికి 2011 మార్చి 14న బయటికొచ్చారు.

నోబెల్ బహుమతి పొందినవాళ్ళూ, దేశాధినేతలుగా చేసినవాళ్ళూ అడిగినా ఒక బడిపంతులు పదిహేను నెలలు జైల్లో ఉన్నాడు. దీన్ని దాచుకోవాల్సిన పనిలేదు. మద్దతు అంటే తాళంచెవి కాదు. మరి ఏమిటి? పదేళ్ళ దాకా వేయగల చట్టం కింద పదహారు నెలలతో ఆగింది. ఖాళీ డబ్బాలను ఆయుధాలన్న వింత వాదన అందరి ముందూ నవ్వులపాలై కోర్టులో వీగిపోయింది. బయటికొచ్చాక ఆయన నోరు మూసుకుని ఇంట్లో కూర్చోలేదు. మళ్ళీ ఊరేగింపుల్లోకే వెళ్ళారు, మళ్ళీ మళ్ళీ అరెస్టయ్యారు కూడా. ఇక కంచె సంగతి. దారి మార్చమని ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 2007 సెప్టెంబరులోనే చెప్పినా నాలుగేళ్ళు కదలని ఆ కంచె, 2011 జూన్‌లో కదిలింది. ఊరి భూమిలో కొంత వెనక్కొచ్చింది. అంతా రాలేదు.

ఆడవాళ్ళు వెనక లేరు

ఇదంతా ఓ మగవాడి కథలా అనిపిస్తోందా? అయితే ఇది వినండి.

బిలీన్‌కు దగ్గర్లోనే బుద్రుస్ అని ఇంకో ఊరుంది. 2003లో అక్కడికి బుల్‌డోజర్లు వచ్చినప్పుడు మొదట మగవాళ్ళే వెళ్ళారు. ఇల్తిజామ్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి తండ్రిని నిలదీసింది, మేమెందుకు రాకూడదు అని. అంతే, ఆడవాళ్ళు ముందుకొచ్చారు. ఓరోజు ఆ పిల్ల బుల్‌డోజర్ తవ్విన గుంటలోకి దూకి నిలబడింది. యంత్రం వెనక్కి పోయింది. చివరికి ఆ ఊళ్ళో గోడ దారి మార్చారు, మూడు వందల ఎకరాలు మిగిలాయి. ఈ ఊరి మీద ‘బుద్రుస్’ పేరుతోనే 2009లో డాక్యుమెంటరీ వచ్చింది.

నబీ సాలెహ్ అనే ఊళ్ళో ఊరి నీటి ఊటను సెటిల్‌మెంటువాళ్ళు ఆక్రమించారని 2009 చివర్లో ఊరేగింపులు మొదలయ్యాయి. అందులో ముందుండే నారిమాన్ తమీమీ భర్త బాసెమ్ 2011లో జైలుకెళ్ళారు. 2017 డిసెంబరులో ఆమె కూతురు అహెద్, తమ ఇంటి ముంగిట నిలబడ్డ సైనికుణ్ణి చెంపదెబ్బ కొట్టింది. అది అహింస కిందికి రాదు, అనక్కర్లేదు. కానీ తల్లి చేసిందేమిటి? ఆ దృశ్యాన్ని ఫోనులో చిత్రీకరించి జనానికి చూపించడం. అది కూడా కేసైంది. తల్లీకూతుళ్ళిద్దరికీ చెరో ఎనిమిది నెలలు! ఆ పిల్లకు పదిహేడో పుట్టినరోజు జైల్లోనే వచ్చింది.

ఇక బిలీన్‌లోనే ఒక తల్లి ఉంది. 2009 ఏప్రిల్‌లో ఊరేగింపులో ఆమె కొడుకు బాసెమ్ అబూ రహ్మా ఛాతీకి బాష్పవాయువు గుండు తగిలి చనిపోయాడు. 2010 డిసెంబరు 31న బాష్పవాయువు పీల్చిన కూతురు జవాహెర్ కొత్త సంవత్సరం మొదటి రోజున ప్రాణం విడిచింది. సైన్యం ఆ కారణాన్ని ఒప్పుకోలేదు. ఇంటివాళ్ళు, ఊరివాళ్ళు మాత్రం గ్యాసే చంపిందంటారు. అబ్దుల్లా అప్పటికి జైల్లోనే ఉన్నారు.

ఇల్లు కనిపెట్టుకునేదీ, లాయరు ఫీజుకు చేబదులు తెచ్చేదీ, పిల్లలకు ‘నాన్న ఎప్పుడొస్తాడు’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పేదీ ఎవరో మనకు తెలుసు. అందుకే మద్దతు అనేది ఖైదీకే కాదు, ఆ ఇంటికి కూడా. కోర్టుకు వెళ్ళిరావడానికి బండి, పిల్లలకు ఓ పూట తోడు, జీతం ఆగిపోయిన నెలలో బియ్యం... ఇవి పేపర్లలో రావు. ఇవి లేకపోతే ఏ ఉద్యమమూ రెండో నెల చూడదు.

ఇప్పుడు మరీ అవసరం

2023 అక్టోబరు 7న హమాస్ దాడి, ఆ తర్వాత గాజా యుద్ధం... వీటితో వెస్ట్‌బ్యాంక్‌లోనూ పరిస్థితి పూర్తిగా మారింది. కేసు పెట్టకుండా, విచారణ లేకుండా ఆరేసి నెలల చొప్పున పొడిగిస్తూ జైల్లో ఉంచే పద్ధతి ఒకటుంది. అలా ఉన్నవారి సంఖ్య ఆ తర్వాత కొద్ది నెలల్లోనే మూడు వేలు దాటింది. ఖైదీలను ఇంటివాళ్ళు చూడటం ఆపేశారు. రెడ్‌క్రాస్‌ను కూడా లోపలికి రానివ్వలేదు.

హెబ్రోన్ నగరంలో అహింస పాఠాలు చెప్పే ఇస్సా అమ్రో సంగతే చూడండి. 2016లో ఆయన మీద పద్దెనిమిది అభియోగాలు మోపారు. వాదించింది మళ్ళీ గాబీ లాస్కీయే. ఐక్యరాజ్యసమితి నిపుణులు తప్పుపట్టారు, 2017లో అమెరికా సెనేటర్లు కొందరు లేఖ రాశారు. 2021లో ఆరు అభియోగాల్లో దోషి అన్నారు. కానీ శిక్ష? మూడు నెలలు, అదీ సస్పెండ్ చేసి, జరిమానాతో సరిపెట్టారు. జైలుకు పంపలేదు. 2024లో ఆయనకు, ఆయన సంస్థకు ‘రైట్ లైవ్‌లీహుడ్’ పురస్కారం వచ్చింది.

2025 మార్చిలో ఆస్కార్ గెలిచిన ‘నో అదర్ ల్యాండ్’ చిత్రం దర్శకుల్లో ఒకరైన హమ్దాన్ బల్లాల్‌ను, అవార్డు అందుకున్న నెలలోపే, ఇంటి దగ్గర సెటిల్‌మెంటువాళ్ళు కొట్టారు. దెబ్బలతో ఉన్న ఆయన్నే సైన్యం పట్టుకెళ్ళింది. రాళ్ళు రువ్వాడని అన్నారు, ఆయన కాదన్నారు. గంటల్లో ప్రపంచమంతా తెలిసిపోయింది. మర్నాడు విడిచిపెట్టారు. పేరు తెలిసిన మనిషికీ తెలియని మనిషికీ తేడా ఇదే.

అయితే పేరు తెలిసినా ప్రాణం దక్కనివాళ్ళు ఉన్నారు. ఆ చిత్రానికి సాయం చేసిన ఉమ్ అల్‌ఖైర్ ఊరి ఇంగ్లీషు మాస్టారు అవ్దా హతలీన్‌ను 2025 జులై 28న ఓ సెటిల్‌మెంటు మనిషి పేల్చిన తుపాకీ బలి తీసుకుంది. శవాన్ని ఇవ్వడానికి పోలీసులు షరతులు పెట్టారు. అప్పుడు ఆ ఊరి ఆడవాళ్ళు అరవైమందికి పైగా నిరాహారదీక్షకు కూర్చున్నారు. పదిరోజులకు శవాన్ని ఇచ్చారు. చూసేవాళ్ళు ఉండటం ఎంత అవసరమో, అది ఒక్కటే ఎంత చాలదో ఈ రెండు సంఘటనలూ కలిపి చెబుతున్నాయి.

దూరాన ఉండి ఏం చేయగలం?

ఉత్తరం ముక్కతో ఏమవుతుంది అనే అనుమానం కొత్తది కాదు. 1973లో బ్రెజిల్ సైనిక ప్రభుత్వం లూయిస్ రోసీ అనే ప్రొఫెసరును పట్టుకెళ్ళింది. భార్య ఎలాగో బయటికి కబురు చేర్చింది. అమ్నెస్టీ సంస్థ తన సభ్యులందరిచేతా ఒకేసారి ఉత్తరాలు రాయించింది. ‘అర్జెంట్ యాక్షన్’ అనే పద్ధతి మొదలైంది అక్కడే. తన సంగతి బయటికి తెలిసిపోయిందని అర్థమయ్యాక, ఇక నన్ను చంపలేరని ధైర్యం వచ్చిందని ఆయన విడుదలయ్యాక చెప్పారు. ఒక్కో ఉత్తరం చిన్నదే. సంచీ నిండా వస్తేనే జైలరు ఆలోచిస్తాడు.

మరి మనం చేయదగినవి...

* ముందు ఒక్క మనిషి గురించి పూర్తిగా తెలుసుకోండి. పేరు, ఊరు, మోపిన నేరం, విచారణ తేదీ. ‘పాలస్తీనావాళ్ళు పాపం’ అనడం కంటే ఒక్క పేరు సరిగ్గా పలకడం ఎక్కువ పని చేస్తుంది.

* రాసే ఉత్తరం మర్యాదగా, పొట్టిగా ఉండాలి. తిట్లు వద్దు. ఫలానా వ్యక్తి శాంతియుతంగా ఊరేగింపు జరిపినందుకే నిర్బంధంలో ఉన్నాడు, విడిచిపెట్టండి, లాయర్ని, కుటుంబాన్ని కలవనివ్వండి అని రాస్తే చాలు. ఢిల్లీలోని ఇజ్రాయెల్ రాయబారికి రాయొచ్చు. మన విదేశాంగ మంత్రికీ, మన ఎంపీకీ రాయొచ్చు. పాలస్తీనాను 1988లోనే గుర్తించిన దేశం మనది. అడిగే హక్కు మనకుంది.

* ఆ ఇంటివాళ్ళు ఏది వద్దంటే అది చేయకండి. ఫొటో వేయాలన్నా, పిల్లల పేర్లు రాయాలన్నా వాళ్ళను అడగాలి. మన ఉత్సాహం వాళ్ళకు కొత్త కేసు కాకూడదు. రుజువు లేని వార్తను నలుగురికీ పంపడం కూడా అంతే ప్రమాదం. ఒక్క అబద్ధం దొరికితే నూరు నిజాలు కొట్టేస్తారు.

* మత ద్వేషం ఏ వైపు నుంచి వచ్చినా పక్కన పెట్టండి. బిలీన్ ఊరేగింపుల్లో యూదులున్నారు, కోర్టులో వాదించింది యూదు స్త్రీ, కుర్చీలో కూర్చున్నది యూదు అమ్మమ్మలు. ఇది ఒక మతం మీద ఇంకో మతం చేసే పోరాటం కాదు.

* శిక్ష పడ్డాక మర్చిపోకండి. అరెస్టయిన రోజు పేపర్లో వస్తుంది. పదో నెలలో ఎవరూ రాయరు. ఆ ఇంటికి తోడు ఎక్కువ కావలసింది అప్పుడే.

మీ మహిళా మండలి సమావేశంలో, కిట్టీ పార్టీలో, కాలేజీ హాస్టలు గదిలో ఓ గంట ఈ సంగతి మాట్లాడుకుని చూడండి. పదిమంది కూడితే నేరమనే చట్టం మన వీధిలో లేదు. ఆ పదిమందీ తలా ఓ ఉత్తరం రాయడానికి అరగంట చాలు. ఎక్కడో ఓ రేకుల కోర్టుగదిలో, ఇంటాయన ముఖం నాలుగు నిమిషాలు చూడటానికి వచ్చిన ఇల్లాలికి, పక్క కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుని ఉండటం ఎంత ధైర్యమో... అంతదూరం వెళ్ళలేని మనం ఈ ఉత్తరంతో అయినా ఆ పక్కన చేరవచ్చు.